మడతక్క కొన్న కెమెరా

ఆస్పత్రి లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. ఉతికి పిండిన దుప్పట్లు తడితడిగా వేడి రోలర్ కిందికి వెళ్ళి, అవతల పక్క ఆవిర్లు కక్కుతూ బయటికి వస్తాయి. ఆమె ఒక అంచు, ఎదుటి మనిషి ఒక అంచు పట్టుకుని విదిలించాలి. నాలుగు మడతలు పెట్టాలి, వార్డుకో దొంతరగా పేర్చాలి. షిఫ్టు అయ్యేసరికి ఆరేడు వందల దుప్పట్లు ఆమె చేతుల మీదుగా వెళ్ళేవి.

ఆ వేడి గుడ్డను పట్టుకుని పట్టుకుని ఆమె వేళ్ళ కొసలు నున్నగా, బిరుసుగా తయారయ్యాయి. హాజరు కోసం వేలిముద్ర యంత్రం పెట్టిన కొత్తలో ఆమె బొటనవేలు ఆనించినప్పుడల్లా అది ఎర్రలైటు వెలిగించి కుయ్యిమనేది. నాలుగు రోజులు చూసి సూపర్‌వైజర్ విసిగిపోయాడు. "నువ్వసలు పుట్టనేలేదంటోందమ్మా ఈ మిషను. రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వడానికీ కాస్త ఓపిక కావాలి, ఆ రోజు ఉంది.

ఆమె భర్త మేడలు కట్టేచోట టవర్ క్రేన్ నడిపేవాడు. పొద్దున్నే నీళ్ళ సీసా భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కితే మళ్ళీ సాయంత్రమే దిగడం. పైనుంచి ఆయనకు ఊరంతా కనబడేది. ఇంటికొచ్చి, "ఇవాళ నీ బస్సు వంతెన దగ్గర చాలాసేపు ఆగిపోయిందే" అనేవాడు. "పని మానేసి బస్సులు లెక్కపెడుతూ కూర్చుంటారా ఏంటి?" అని ఆమె దెప్పేది. చెప్పొద్దూ, ఎవరో పైనుంచి తన బస్సు వంక ఓ కన్నేసి ఉంచారంటే ఆమెకు బాగానే ఉండేది.

ఒక సెలవు రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ ఆయన పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట ముద్దముద్దగా అయింది. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంచాక నలుగురు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు మోసి ఇంట్లో దించి వెళ్ళారు. ఆకాశమంత మేడలకు ఇనుమూ సిమెంటూ పైకెత్తిన మనిషి, తన ఇంటికి లిఫ్టు లేక అక్కడే ఉండిపోయాడు. కింద వాటాలో ఆయన చెల్లెలు ఉంటుంది, బట్టలు కుడుతుంది. మడతక్క డ్యూటీకి వెళ్ళగానే చేతికుట్టు పని సంచిలో వేసుకుని పైకొచ్చి అన్నయ్య దగ్గర కూర్చునేది.

ఆయన పడిపోయేనాటికి కడుతున్న మేడ ఏడో అంతస్తులో ఉంది. మొత్తం పధ్నాలుగు. మడతక్క బస్సు దాని ముందు నుంచే వెళ్తుంది. సాయంత్రం ఆమె చెప్పులు విప్పక ముందే మంచం మీద నుంచి ప్రశ్న వచ్చేది.

"ఎంత... వరకొచ్చింది?"

"తొమ్మిదో పదో."

"తొమ్మిదా? పదా?"

నిజానికి బస్సులో సీటు దొరికితే చాలు, ఆమెకు కునుకు పట్టేసేది. కాళ్ళు పీక్కుపోతుంటే, కిటికీకి తల ఆనించి ఆ అరగంటా ఒళ్ళు తెలియకుండా పడుకునేది. ఏ మేడా చూసేది కాదు. కానీ ఆ మాట ఆయనతో ఎలా అంటుంది? ఏదో ఒకటి చెప్పేది. ఒకరోజు మరీ ధైర్యం చేసి, "పడమటి వైపు అద్దాలు కూడా బిగిస్తున్నారండీ, మెరిసిపోతోంది" అంది.

"పడమటి వైపు... అద్దాలుండవు. అది లిఫ్టు గోడ" అన్నాడాయన. తర్వాత గోడ వైపు తల తిప్పుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, మందులిస్తే మింగాడు. మర్నాడు ఆమె ఇంటికొస్తే ఏమీ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. ఆయన అడిగి ప్రాణం తీసినన్నాళ్ళూ విసుక్కున్న ఆమెకే, అడగడం మానేశాక ఇల్లు చెవులు మూసుకున్నట్టు అనిపించింది.

మూడో రోజు ఆడపడుచే అంది, "వదినా, నా ఫోన్ పట్టుకెళ్ళి ఒక ఫోటో తీసుకురారాదూ? అన్నయ్య చూసుకుంటాడు."

మడతక్క తీసుకెళ్ళింది. ఆమెది పాత ఫోను, నంబర్లు నొక్కేది. ఇది అద్దం మీద వేలు రాస్తే పనిచేసేది. బస్సు దిగి నిలబడి ఎన్నిసార్లు రాసినా ఆ అద్దానికి ఆమె వేలు పట్టలేదు. చివరికి పక్కనున్న పెద్దాయన ఎవరో తీసిపెట్టాడు. ఇంటికి తెస్తే అందులో రోడ్డు ఉంది, తీగలున్నాయి, దూరంగా బూడిదరంగు డబ్బా ఒకటుంది. ఆడపడుచు దాన్ని వేళ్ళతో పెద్దది చేసింది. డబ్బా కాస్తా బూడిదరంగు ముద్ద అయింది.

"ఇదేనా?" అన్నాడాయన.

ఆ రాత్రే అనుకుంది, ఒక కెమెరా కొనాలని. అప్పటిదాకా ఆమె కెమెరా పట్టుకుని ఎరగదు. పెళ్ళి ఫోటోలు కూడా ఎవరో తీసినవే, అందులోనూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

డ్యూటీ దిగాక పెద్ద బజారులో ఓ పెద్ద షాపుకి వెళ్ళింది. అద్దాల బీరువాల నిండా కెమెరాలు. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చి, "ఏ రేంజ్‌లో చూపించమంటారు మేడమ్?" అన్నాడు. రేంజ్ అంటే దూరమనుకుని ఆమె, "రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి" అంది. అతను నవ్వు ఆపుకుని ఒక నల్లటి పెద్ద కెమెరా ఆమె చేతిలో పెట్టాడు. ఇన్ని మెగాపిక్సెళ్ళు, లెన్స్ మార్చుకోవచ్చు, నీళ్ళు పడ్డా ఏం కాదు, వీడియో సినిమాలా వస్తుంది, అని చదువుకుంటూ పోయాడు. పన్నెండు గంటల షిఫ్టు చేసిన మణికట్టుకి ఆ బరువు ఒక్క నిమిషంలో తెలిసొచ్చింది. "ఈ లెన్స్ దగ్గరవాటికే మేడమ్. దూరానికి వేరే లెన్స్ కొనుక్కోవాలి" అన్నాడు చివర్లో. ఆమె దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా కౌంటర్ మీద పెట్టి, "ఆలోచించుకుని వస్తా బాబూ" అంది. అతనిచ్చిన రంగుల కాగితం బస్సులో తెరిచింది. మొదటి వరుస చదవకముందే నిద్రపోయింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయనకు ఫోటోల పిచ్చి ఉందని అందరికీ తెలుసు. సెలవొస్తే చెరువుల వెంట పిట్టల కోసం తిరుగుతాడు. మరుసటి రోజు మధ్యాహ్నం మడతక్క తన అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళి, భోంచేస్తున్న ఆయన బల్ల దగ్గర కూర్చుంది.

"సార్, నాకో కెమెరా కావాలి. ఏది మంచిదో చెప్పండి."

"మంచిదని ఒకటుండదు మడతక్కా. ఏం తీస్తావు?"

"ఒక మేడ. దాని మీదున్న క్రేను."

"ఎంత దూరం నుంచి?"

"బస్‌స్టాప్ నుంచి. రోడ్డుకి అవతల, ఓ ఫర్లాంగు ఉంటుంది."

"ఏ టైములో?"

"డ్యూటీ దిగాక. ఎండ ఇంకా ఉంటుంది."

"ఏదీ, చేతులు చూపించు."

ఆమె చూపించింది. ఆయన ఆ వేళ్ళ వంక కొంచెంసేపు చూసి, "వేలితో రాసే స్క్రీన్ నీకొద్దు. నొక్కే బటన్లుండాలి. ఎండలో స్క్రీన్ కనబడి చావదు, కాబట్టి కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ ఉండాలి. బరువు తక్కువుండాలి. మెగాపిక్సెళ్ళ సంగతి మర్చిపో. జూమ్ మాత్రం లెన్స్‌తో జరిగేదై ఉండాలి. అంటే లెన్స్ గొట్టంలా ముందుకి సాగాలి. కొన్నిట్లో లెన్స్ కదలదు, తీసిన బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తుంది. అది మోసం జూమ్" అన్నాడు.

మడతక్క అన్నం నములుతూ ఆలోచించింది. "దుప్పటిని పట్టుకుని సాగదీస్తే పెద్దదవదు కదండీ, నేత పలచబడుతుంది. అలాంటిదా?"

ఎక్స్‌రే ఆయన ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. "ఇరవై ఏళ్ళ నుంచి అందరికీ చెబుతున్నా, ఇంత బాగా నాకే రాలేదు" అన్నాడు. కొత్తదే కానక్కర్లేదని చెప్పి, కెమెరాలు బాగుచేసి అమ్మే ఒకావిడ చిరునామా రాసిచ్చాడు.

ఆ షాపు ఒక ఇరుకు సందులో, మెట్ల కింద ఉంది. కంటికి భూతద్దం తగిలించుకుని అరవై దాటిన ఆవిడ ఏదో మరలు విప్పుతోంది. తల ఎత్తకుండానే, "కూర్చోండమ్మా. నిలబడితే నాకు వెలుతురు రాదు" అంది. మడతక్క వచ్చిన పని చెబుతుంటే, విని, మూడు కెమెరాలు బల్ల మీద పెట్టింది.

మొదటిది వెండిరంగుది, అందంగా ఉంది. మడతక్క దాన్నే ముందు చేతిలోకి తీసుకుంది. అన్ని పనులూ స్క్రీన్ మీద వేలితోనే. రెండుసార్లు రాసి కింద పెట్టేసింది. రెండోది బాగా దూరం లాగుతుంది గానీ, బరువుకి మణికట్టు వాలిపోయింది. మూడోదాని ఒంటినిండా గీతలు. బ్యాటరీ మూత కొంచెం వదులు. కాని పైన బటన్ చుట్టూ ఒక మీట ఉంది, వేలితో తోస్తే లెన్స్ గుర్రుమంటూ ముందుకొస్తోంది. వెనక చిన్న కిటికీ ఉంది.

"ఇలా కాదు, వీధిలోకెళ్ళి చూడండి" అంది షాపావిడ. మడతక్క గుమ్మం బయట నిలబడి, కన్ను ఆనించి, మీట తోసింది. సందు చివర మేడ మీదున్న నీళ్ళ ట్యాంకు దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చేసింది. దాని మీద ఆరేసిన గళ్ళ తువ్వాలు గళ్ళతో సహా కనబడింది. ఆమె కెమెరా దించి, ఉత్త కళ్ళతో ఆ ట్యాంకు వైపు చూసింది. మళ్ళీ కన్ను ఆనించింది.

"ఇది ఇచ్చెయ్యండి."

"ముందే చెబుతున్నా. మూత వదులే, టేపు వేసుకోండి. బ్యాటరీ సాయంత్రం దాకా రాదు, రోజూ చార్జింగ్ పెట్టాలి. ఆవిర్లు తగలనివ్వకండి."

చివరి మాటకి మడతక్క ముఖం మారడం చూసి ఆవిడ, "ఏం, వంటింట్లో పెడతారా?" అంది. "కాదండీ, లాండ్రీ" అంది ఈమె. ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు. ఆవిడ ధర కొంచెం తగ్గించింది.

మర్నాడు ఆమె బస్సులో కునుకు తీయలేదు. మేడ ముందు స్టాపులో దిగిపోయింది. కళ్ళు మండుతున్నాయి, నడుం లాగుతోంది. మొదట తీసిన ఎనిమిది ఫోటోల్లోనూ క్రేను ఒకటికి రెండుగా కనబడింది, చెయ్యి అంతగా ఊగింది. అప్పుడు ఎక్స్‌రే గదిలోంచి రోజూ వినబడే మాట గుర్తొచ్చింది. ఊపిరి తీసుకోండి, బిగబట్టండి, కదలకండి. స్టాపు స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కింది. అలా నాలుగు తీసింది. ఈలోగా రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోదాంట్లో సీటు దొరకలేదు.

ఇంట్లో ఆడపడుచు కెమెరాను ఆయన ఎడమచేతిలో పెట్టింది. ఆయన దాని వెనకున్న చిన్న స్క్రీన్‌ను కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు. చెల్లెలు మీట కదిపి పెద్దది చేసింది. ఈసారి ముద్ద కాలేదు. కడ్డీ కడ్డీ విడివిడిగా కనబడింది.

"పదకొండు" అన్నాడు. స్క్రీన్‌ను ఇంకా దగ్గరికి జరుపుకుని, "వాడెవడు? కొక్కెం అలా... వదిలేసి దిగిపోయాడు. పైకి లాగాలి. గాలొస్తే? కింద మనుషులుండరూ?"

"నాకేం తెలుసండీ, నేను దింపానా?"

"బుద్ధి లేదు వాడికి" అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన అన్ని మాటలు వరసగా అనలేదు. ఆడపడుచు సూది ఆపి వదిన వంక చూసింది. మడతక్క కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు ఎత్తి బకెట్ మీద పెట్టుకుంది.

తర్వాత రెండు నెలలు అదే తంతు. వారానికి మూడుసార్లు మధ్యలో దిగడం, ఊపిరి బిగబట్టడం, తర్వాత బస్సులో నిలబడి ఇంటికి చేరడం. ఆయన ఒక్కో ఫోటోకీ ఆ కనబడని డ్రైవర్ని తిట్టేవాడు. తిడుతూ తిడుతూ మాట కొంచెం తేటపడింది కూడా. ఆమెకు మాత్రం ఒంట్లో ఉన్న కాస్త శక్తీ ఆ స్తంభం దగ్గరే అయిపోతున్నట్టుండేది. ఇంకో మూడంతస్తులేగా అని తనకు తాను చెప్పుకునేది.

పధ్నాలుగో అంతస్తు పడిన పదిహేను రోజులకు ఆమె బస్సు దిగేసరికి క్రేను సగం లేదు. పొడుగాటి చెయ్యి విప్పి లారీ మీద పడుకోబెట్టారు. ఆయన కూర్చునే గది, తలుపు ఊగుతూ, నేల మీద ఇసుకలో ఉంది. ఫోటో తీసింది. బస్సులో ఆ ఫోటో తీసేద్దామా, ఇవాళ దిగలేదని చెబుదామా అని చాలాసేపు తర్జనభర్జన పడింది. ఒకసారి అబద్ధం చెప్పి చూసింది కదా. చూపించేసింది.

"దించేశారా" అన్నాడాయన. కెమెరా ఆమె చేతికిచ్చి, దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

మళ్ళీ అడగలేదు. కెమెరా అల్మారా మీదికి చేరింది. మడతక్క మళ్ళీ కిటికీ పక్కన నిద్రపోతూ నేరుగా ఇంటికి వచ్చేది. హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే నిద్రపోయేది.

ఓ రోజు ఆయనకు అన్నం కలిపి పెడుతుంటే ఉన్నట్టుండి, "ఎంత పొడుగుంటుంది?" అన్నాడు.

"ఏంటి?"

"నీ మిషను. దుప్పట్లది."

"మన వరండా అంత. ఎందుకు?"

"నేనెప్పుడూ... చూళ్ళేదు."

నిజమే. ఆయన పైనుంచి ఆమె బస్సు చూశాడు, ఆస్పత్రి కప్పు చూశాడు. కప్పు కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఆమె కూడా, "రోజూ ఉండే చాకిరీయేగా" అని ఎప్పుడూ చెప్పలేదు.

సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని, ఒక మధ్యాహ్నం కెమెరా తీసింది. మొదటి ఫోటో అంతా తెల్లటి పొగే, లెన్స్ మీద ఆవిరి పట్టేసింది. గది వేడికి అలవాటయ్యేదాకా పావుగంట కెమెరాను దొంతర మీద ఉంచి, తుడిచి, మళ్ళీ తీసింది. రోలర్‌ను తీసింది, గుట్టలు పోసిన మైల దుప్పట్లను తీసింది, ఆరుగురు ఆడవాళ్ళు నిలబడే వరసను తీసింది. తన చోటులో తను లేదు కాబట్టి అక్కడ ఉత్త నేల పడింది.

ఆయన ఆ ఫోటో దగ్గర ఆగిపోయాడు. నేలను పెద్దది చేయించాడు. సిమెంటు మీద రెండు చోట్ల పాదాలంత మేర నునుపుతేలి ఉంది.

"కూర్చోరా?"

"కూర్చుంటే దుప్పటి ఎవరు పట్టుకుంటారు?"

"సిమెంటు మీదే... పన్నెండు గంటలు?"

"మరి?"

"నాకు సీటుండేది" అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. తర్వాత సైటులో గట్టి నేల మీద పనిచేసేవాళ్ళకు కాళ్ళ కింద మందపాటి రబ్బరు చాపలు వేసేవాళ్ళమని, మీ సూపర్‌వైజర్ని అడగమని, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. ఆమె నాలుగు రోజులు నాన్చి, చివరికి ఆ ఫోటో పట్టుకెళ్ళి చూపించింది. సూపర్‌వైజర్ తల గోక్కుని, పైవాళ్ళకు రాస్తానన్నాడు. నెలన్నరకు చాపలొచ్చాయి, ఆరుగురికీ కలిపి రెండు. గంటకిద్దరు చొప్పున వంతులేసుకున్నారు. తన వంతు గంటలో మోకాళ్ళు ఎంత తేలికపడతాయో, తర్వాతి రెండు గంటలూ సిమెంటు అంత గట్టిగా తెలిసేది. అయినా ఎవరూ వంతు వదులుకోలేదు.

కెమెరా ఇప్పుడు ఎక్కువగా ఆయన దగ్గరే ఉంటోంది. ఫోటో తీసే బటన్ కుడివైపు ఉంటుంది, ఆయనకు ఆడేది ఎడమచెయ్యి. ఓ వారం తంటాలు పడ్డాడు. తర్వాత కెమెరాను తలకిందులు చేసి, ఎడమ బొటనవేలితో నొక్కడం కనిపెట్టాడు. పొద్దున చెల్లెలు కుర్చీని కిటికీ దగ్గరికి లాగితే, మధ్యాహ్నం దాకా అక్కడే.

సాయంత్రం మడతక్క రాగానే చూపిస్తాడు. ఫోటోలన్నీ తలకిందులుగా ఉంటాయి, ఆమె కెమెరాను తిప్పి పట్టుకుంటుంది. పదకొండు గంటల వేళ తమ వీధి. ఎదురింటి ముసలాయన మొక్కలకు నీళ్ళు పోస్తూ, తనమీదే పోసుకుంటున్నాడు. రెండు గంటలకు ఎండ సరిగ్గా వాళ్ళ మెట్ల మీద పడుతుంది. పోస్ట్‌మన్ ఆ మెట్ల మీదే కూర్చుని చెప్పులోంచి రాయి దులుపుకుంటాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటోంది గానీ, పనిరోజున ఆ వేళకి ఆ వీధి ఎలా ఉంటుందో ఆమె ఎరగదు.

"ఈవిడెవరండీ, గొడుగేసుకుని?"

"రోజూ వెళ్తుంది. ఒంటిగంటకి. ఎక్కడికో తెలీదు."

"అడగలేకపోయారా?"

"మూడో అంతస్తు నుంచా?"

ఆమెకు నవ్వొచ్చింది. తర్వాతి ఫోటోకి వెళ్ళింది. అందులో ఏదో గోడ, గోడ మీద పిల్లి, లేదా నీడ. సరిగ్గా చూడబోతే రెప్పలు బరువెక్కాయి. చేతిలో కెమెరా ఒరిగిపోతుంటే ఆయన ఎడమచెయ్యి చాచి అందుకున్నాడు.

"రేపు చూద్దువుగానిలే" అన్నాడు.